రెండవమారు నడక నేర్పిన చేతులు

కృతజ్ఞత అన్న మాటలోనే దాని అర్థం ఇమిడి ఉన్నది. కృతమంటే చేయబడినది, దానిని ఎరిగినవాడు కృతజ్ఞుడు. మేలు పొందినంత మాత్రాన ఎవరూ కృతజ్ఞులు కాజాలరు. జరిగిన మేలేమిటో, చేసినవారెవరో తెలిసి ఉండాలి. పసిబిడ్డకు తల్లిపై ప్రేమ ఉంటుంది గాని కృతజ్ఞత ఉండదు. తప్పటడుగులు వేయించిన చేతులు, పడిపోయినప్పుడు లేవనెత్తిన చేతులు ఎవరి స్మృతిలోనూ నిలువవు. మొదటి నడక మనం నేర్చిన విద్యలన్నిటిలోను ముఖ్యమైనది. అయినా దాని గురువులు మనకు గుర్తులేరు.

ఐతే ఈ విద్యను రెండవమారు నేర్చుకోవలసివచ్చేవారు లోకంలో కొందరున్నారు. తలకు బలమైన దెబ్బ తగిలిగాని, మెదడులో రక్తనాళం చిట్లిగాని, పూడిగాని ఒక పక్క శరీరం చచ్చుబడినవారు వీరు. శస్త్రవైద్యుడు ప్రాణం నిలబెట్టిన తరువాత వీరిని మరల మనుషుల మధ్యకు నడిపించుకొని వచ్చే విద్య పేరు ఫిజియోథెరపీ. ఈ రోగులు ప్రతి అడుగునూ ఎరిగి నేర్చుకుంటారు. అందువల్ల వీరి కృతజ్ఞతకు ఒక ప్రత్యేకత ఉన్నది. అది తొలుత కోపం రూపంలో పుడుతుంది. చాలా ఆలస్యంగా పరిపక్వమవుతుంది. పరిపక్వమైన తరువాత మేలు చేసినవారి వద్దకు తిరిగిపోక, ముందుకు సాగి మరొక రోగిని చేరుతుంది. అమెరికన్ నటి పెట్రీషియా నీల్ జీవితం ఇందుకు చక్కని నిదర్శనం.

ఒక్క సాయంకాలంలో

పెట్రీషియా నీల్ 1926లో కెంటకీ రాష్ట్రంలో జన్మించి, టెనెసీ రాష్ట్రంలోని నాక్స్‌విల్ పట్టణంలో పెరిగింది. రంగస్థలం మీద, వెండితెర మీద పేరు గడించి, 'హడ్' అనే చిత్రంలోని నటనకు 1964లో ఉత్తమ నటిగా ఆస్కార్ బహుమానం పొందింది. ఆంగ్ల బాలసాహిత్యంలో ప్రసిద్ధుడైన రోఆల్డ్ డాల్ ఆమె భర్త. ఇంగ్లండులో గ్రేట్ మిసెండెన్ అనే పల్లెటూరు వారి నివాసం.

ఆ ఇంటికి కష్టాలు కొత్త కావు. 1960లో న్యూయార్క్ నగరంలో ఒక టాక్సీ ఢీకొని వారి పసికందు తలకు తీవ్రమైన గాయమైంది. ఆ బిడ్డ మెదడులో నిలిచిపోయే నీటిని వెలికి తీసే గొట్టం మాటిమాటికీ పూడిపోతూవుంటే, డాల్ ఒక యంత్ర నిపుణుని, ఒక శస్త్రవైద్యుని కలుపుకొని కొత్త కవాటం ఒకటి తయారుచేయించాడు. అది అనేకమంది పిల్లలకు ఉపయోగపడింది. 1962లో పెద్ద కుమార్తె తట్టు సోకి, ఆ వ్యాధి మెదడుకు పాకి, ఏడేళ్ళ వయస్సులోనే మరణించింది.

1965 ఫిబ్రవరి 17న నీల్ లాస్ ఏంజిలిస్‌లో ఉన్నది. ఒక చిత్రంలో నటించడం అప్పుడే ఆరంభించింది. వయస్సు 39 సంవత్సరాలు, గర్భవతి. ఆ సాయంకాలం కూతురికి స్నానం చేయిస్తూ ఉండగా తలలో భరింపరాని నొప్పి పుట్టింది. మెదడులోని రక్తనాళపు గోడ ఒకచోట పలుచబడి బుడగవలె ఉబ్బి, ఉబ్బి, చివరకు చిట్లడం ఈ ప్రమాదానికి మూలం. ఆమెను వెంటనే ఆసుపత్రికి చేర్చారు. తలను తెరచి గంటల తరబడి శస్త్రచికిత్స చేశారు. మూడు వారాలపాటు ఆమెకు స్మారకం లేదు. ఆమె మరణించినట్లు ఒక పత్రిక వార్తకూడా ప్రకటించింది.

స్మారకం వచ్చినప్పుడు కుడి చేయి, కుడి కాలు ఆమె అధీనంలో లేవు. చూపు సరిగా లేదు. మాటను ఆధారంగా చేసుకొని బ్రతికిన నటికి మాట పోయింది. వస్తువులు ఎదుట కనబడుతూనే ఉంటాయి. వాటి పేర్లు మాత్రం నాలుకకు అందవు. పేరు దొరకనప్పుడు ఏ నిఘంటువులోనూ లేని పదాలు తనకు తెలియకుండానే కల్పించి పలికేది. ఆ ఏడాది ఆగస్టు నెలలో ఆమెకు ఆరోగ్యవంతురాలైన ఆడపిల్ల పుట్టింది.

పక్షవాతమంటే

మన భాషలో ఈ వ్యాధికి పక్షవాతమని పేరు. పక్షమంటే ప్రక్క, పక్షమంటే రెక్క కూడా. ఒక రెక్క విరిగిన పక్షి ఎగరలేకపోవడమే కాదు, తిన్నగా నిలువను కూడా లేదు. పక్షవాతరోగి స్థితి అదే. చచ్చుబడినది సగం శరీరమే అయినా, చెడినది మొత్తం శరీరపు సమతూకం.

మెదడులో ఎడమ అర్ధభాగం శరీరపు కుడి ప్రక్కను, కుడి అర్ధభాగం ఎడమ ప్రక్కను నడుపుతాయి. భాషకు సంబంధించిన కేంద్రాలు చాలామందిలో ఎడమ అర్ధభాగంలో ఉంటాయి. కుడి చేయి పడిపోయినవారికి మాటకూడా తరచుగా పోవడానికి కారణం ఇదే. కాలిలో కండ ఉన్నది, ఎముక ఉన్నది, కీలు ఉన్నది. ఆజ్ఞ మాత్రం రాదు. ఆజ్ఞ రాని అవయవం ఊరకే ఉండదు. కదలిక లేక కీళ్ళు బిగుసుకొంటాయి, కండరాలు కొన్ని పట్టువదలక ముడుచుకొంటాయి, భుజం జారుతుంది, ఒకే వైపున పడుకొన్నచోట చర్మం పుండు పడుతుంది.

అందుచేత ఫిజియోథెరపీ రోగి నడవడానికి ఎంతో ముందే, మంచం మీదనే ప్రారంభమవుతుంది. గంటగంటకూ ప్రక్క మార్చి పడుకోబెట్టడం, రోగి కదపలేని కీలును చికిత్సకుడు తన చేతులతో మెల్లగా కదపడం మొదటి మెట్టు. మంచం అంచున కూర్చుండబెట్టి, ఒరిగిపోకుండా నిలుపుకోవడం నేర్పడం రెండవ మెట్టు. ఆరోగ్యవంతునికి కూర్చోవడం ఒక పని అని కూడా తోచదు. వీరికి అది ఒక వారం పాఠం, ఒక్కొక్కప్పుడు ఒక మాసం పాఠం. తరువాత లేచి నిలబడడం, రెండు కడ్డీల మధ్య అడుగు వేయడం, మెట్టెక్కడం, మెట్టు దిగడం. చేతి విషయం మరింత కష్టం. గుండీ పెట్టుకోవడం, పూస గుచ్చడం, చెంచాతో ముద్ద నోటికి చేర్చడం వంటి పనులలో ఒక్కొక్క దానిని చిన్న చిన్న కదలికలుగా విడదీసి, విడివిడిగా నేర్పి, మరల కలపాలి. ఓనమాలు దిద్దించే పద్ధతీ ఇదే కదా!

ఈ వృత్తి చరిత్ర సుదీర్ఘమైనదేమీ కాదు. 1894లో ఇంగ్లండులో నలుగురు నర్సులు మర్దనవిద్యకు ఒక గౌరవనీయమైన సంఘాన్ని స్థాపించారు. ఇరవయ్యవ శతాబ్దపు రెండు మహాయుద్ధాలలో గాయపడిన సైనికులు, పోలియో వాతపడిన పిల్లలు ఈ వృత్తికి పని కల్పించి, దానిని ఒక శాస్త్రంగా పెంచారు.

ఆరు గంటల పాఠశాల

నీల్ ఇంగ్లండుకు తిరిగి వచ్చేసరికి కాలికి లోహపు కట్టు, ఒక కంటికి గంత ఉన్నవి. ఆసుపత్రులు రోజుకు కొద్దిసేపు మాత్రమే వ్యాయామమూ, మాట పాఠమూ చెప్పగలవు. మిగిలిన దినమంతా రోగి గోడవంక చూస్తూ కూర్చుండవలసినదే. డాల్‌కు ఇది నచ్చలేదు. సమీపంలోని వైమానిక దళపు ఆసుపత్రిలో వ్యాయామమూ, ఈతా ఏర్పాటుచేశాడు. ఇంట్లో ఇరుగుపొరుగువారిని పిలిచి, ఒకరి తరువాత ఒకరు వచ్చేటట్లుగా, రోజుకు దాదాపు ఆరు గంటల పాఠక్రమం సిద్ధం చేశాడు. ఎవరో చదివి వినిపిస్తారు. మరొకరు లెక్కలు చేయిస్తారు. ఇంకొకరు పదాల ఆట ఆడిస్తారు. ఆమె ఏదైనా వస్తువు కావాలని చేయి చూపితే అందివ్వరాదు. పేరు చెప్పేదాక వేచి ఉండాలి.

ఈ పొరుగువారిలో వాలెరీ ఈటన్ గ్రిఫిత్ అనే మహిళ పాత్ర విశేషమైనది. ఆమె వైద్యురాలు కాదు, చికిత్సకురాలు కాదు. కాని రోగి యొక్క ఇష్టాయిష్టాలు గమనించి, ఓపికతో పాఠాన్ని దినదినమూ మార్చుకొనే నేర్పు ఆమెకు ఉన్నది. ఆ అనుభవాన్ని ఆమె 1970లో ఒక గ్రంథంగా ప్రకటించింది. ఇంగ్లండులో పక్షవాత రోగులకు స్వచ్ఛంద సేవకులు సహాయపడే పథకానికి అది నాంది పలికింది.

ఈ సాధన ఫలించిందా అంటే, ఫలించింది. కాని సంపూర్ణంగా కాదు. 1967 మార్చి నెలలో న్యూయార్క్‌లో మెదడు దెబ్బతిన్న పిల్లల సహాయార్థం జరిగిన విందుసభలో నీల్ లేచి నిలబడి ప్రసంగించింది. 1968లో వెలువడిన 'ది సబ్జెక్ట్ వాజ్ రోజెస్' చిత్రంలో ప్రధానపాత్ర ధరించి మరల ఆస్కార్ పరిశీలనకు అర్హత పొందింది. అయితే ఆ చిత్రంలో సంభాషణలు గుర్తుంచుకోవడానికి ఆమె పడిన శ్రమ సామాన్యమైనది కాదు. నడకలో కుంటు మిగిలింది. చూపు పూర్తిగా తిరిగిరాలేదు. ఫిజియోథెరపీ పోయినదంతా తెచ్చి ఇచ్చే మంత్రం కాదు; మిగిలినదానితో బ్రతికే విద్య.

ఆచార్యుని ప్రాకులాట

చచ్చిన నాడీకణం మరల పుట్టకపోతే, చేయి ఎట్లా లేస్తుంది? ఈ ప్రశ్నకు సమాధానం ఒక అధ్యాపకుని కథలో లభించింది. పేడ్రో బాక్-ఇ-రీటా అనే కతలన్ కవిపండితుడు న్యూయార్క్ సిటీ కళాశాలలో ఆచార్యుడు. 1959 ప్రాంతంలో, అరవైయైదేళ్ళ వయస్సులో, పక్షవాతం వచ్చి ముఖమూ, సగం శరీరమూ పడిపోయినవి, మాట పోయింది. ఆసుపత్రిలో కొద్దివారాల చికిత్స వల్ల ప్రయోజనం కనబడలేదు. మెక్సికోలో వైద్యవిద్య చదువుతున్న చిన్నకొడుకు జార్జి తండ్రిని తన వద్దకు తీసుకొనిపోయాడు.

ఆ యువకునికి ఫిజియోథెరపీ తెలియదు. తెలియకపోవడమే మేలైంది. పసిపిల్లలు నడిచే ముందు ప్రాకుతారు కనుక తండ్రినీ ప్రాకించాడు. బలహీనమైన భుజాన్ని గోడకు ఆనించి ప్రాకమన్నాడు. నేలమీద గోలీలు ఆడించాడు. గిన్నెలు తోమడాన్ని చేతికి అభ్యాసంగా మలచాడు: మంచి చేయి గిన్నెను పట్టుకొని ఉండగా, చచ్చుబడిన చేయి ఒకమారు కుడికి, ఒకమారు ఎడమకు తిరగాలి. పెరట్లో వృద్ధాచార్యుడు నాలుగుకాళ్ళ మీద ప్రాకుతూవుంటే ఇరుగుపొరుగువారు చూచి, పెద్దమనిషిని ఇట్లా అవమానించవచ్చునా అని నొచ్చుకొన్నారు. ఆచార్యుడు మాత్రం ప్రాకడం మానలేదు. కొంతకాలానికి లేచాడు, నడిచాడు, టైపుమిషను మీద వ్రాశాడు, మరల కళాశాలకు పోయి పాఠం చెప్పాడు. 1965లో కొలంబియా దేశంలో కొండ ఎక్కుతూ గుండెపోటుతో మరణించాడు.

ఆ మరణం తరువాత ఆయన మెదడును పరీక్షించగా, మెదడునుండి వెన్నుపాముకు పోయే నాడీతంతువులలో నూటికి 97 వంతులు నశించి ఉన్నవని తేలింది. గాయం మానలేదు, ఏళ్ళ క్రితం ఎంత ఉన్నదో అంతా అలాగే ఉన్నది. మిగిలిన కొద్దిపాటి మార్గాలే పని మొత్తం అందుకొన్నవి! రాజమార్గంలో వంతెన కూలినప్పుడు బండ్లు పొలంగట్లవెంట పోవడం మొదలుపెడతాయి. పోగా పోగా ఆ గట్టే బాట అవుతుంది. పేడ్రో పెద్దకొడుకు పాల్ ఈ విషయాన్ని జీవితకాలం పరిశోధించి, మెదడు వృద్ధాప్యంలోకూడా మారగలదని శాస్త్రలోకానికి నచ్చజెప్పిన వారిలో ఒకడయ్యాడు. అటు తరువాత ఎడ్వర్డ్ టౌబ్ అనే శాస్త్రజ్ఞుడు, కొంత కదలిక మిగిలి ఉన్న రోగుల మంచి చేతిని రోజులో అధికభాగం కట్టివేసి, బలహీనమైన చేతికే పనులన్నీ అప్పగించే పద్ధతిని రూపొందించాడు. వాడని చేతిని మెదడు మరచిపోతుంది. వాడక తప్పని చేతిని మరల గుర్తుచేసుకొంటుంది.

కోపం వెనుక

వినడానికి ఇది హాయిగా ఉంటుంది. అనుభవించడం వేరు. ఒకే కదలికను నూరుసార్లు చేయమంటే, తొంభైతొమ్మిదిసార్లు విఫలమయ్యేది రోగి. నిన్నటిదాక వేలమంది కరతాళాలు అందుకొన్న నటి, ఈనాడు తన చెంచాకు పేరు చెప్పలేదు. మెదడు గాయపడినవారికి త్వరగా అలసట వస్తుంది. దుఃఖమూ, కోపమూ అదుపులో ఉండవు. ఆ కోపానికి దగ్గరగా దొరికేది చికిత్సకుడే. నీల్ తన భర్తను కర్కోటకునిగా భావించింది. ఆ భావాన్ని దాచుకోలేదు కూడా. చచ్చిపోతే బాగుండునన్న కోరిక ఆమెకు పలుమార్లు కలిగింది. డాల్ అనుసరించిన కఠినమైన పద్ధతిని అందరూ మెచ్చలేదు. నేటి చికిత్సకులు విశ్రాంతికీ, రోగి మనస్సుకూ అంతకంటె ఎక్కువ స్థానం ఇస్తారు. ఆ దాంపత్యం కూడా 1983లో విడాకులతో ముగిసింది. అయినా, 1988లో ప్రకటించిన ఆత్మకథలో, తనను తిరిగి జీవనప్రవాహంలోకి నెట్టినది ఆ కాఠిన్యమేనని ఆమె ఒప్పుకొన్నది. మనిషితో తెగతెంపులైన తరువాతకూడా మేలును మేలని చెప్పగలగడం కృతజ్ఞతకు గీటురాయి.

శస్త్రవైద్యునిపట్ల కలిగే కృతజ్ఞతకూ దీనికీ గల భేదం ఇక్కడ తేటపడుతుంది. శస్త్రవైద్యుడు పనిచేసేటప్పుడు రోగి నిద్రలో ఉంటాడు. ఆ మేలును ఇతరులు చెప్పగా వింటాడు. ఫిజియోథెరపిస్టు పని రోగి మెలకువలో ఉండగా, రోగి చేతనే జరుగుతుంది. ఎత్తే చేయి రోగిది, పట్టుకొనే చేయి చికిత్సకునిది. ఎక్కడ ఆ చేయి ఆసరా ఇచ్చిందో, ఎక్కడ కావాలనే వదలివేసిందో రోగి శరీరానికి తెలుసు. కృతాన్ని ఎరగడమే కృతజ్ఞత అయితే, ఇంత పూర్తిగా ఎరిగేవారు మరొకరుండరు.

ముందుకు సాగే ఋణం

మనిషి మూడు ఋణాలతో పుడతాడని వైదికవాఙ్మయం చెబుతున్నది: దేవఋణం, ఋషిఋణం, పితృఋణం. వీటిని తీర్చే విధానం గమనింపదగినది. తండ్రి ఋణం సంతానాన్ని కని పెంచడంవల్ల తీరుతుంది. ఋషుల ఋణం వారి విద్యను అధ్యయనం చేసి నిలుపుకోవడంవల్ల తీరుతుంది. అప్పు వెనుకటివారిది, చెల్లింపు ముందుతరానికి.

నీల్ తన ఋణాన్ని ఈ విధంగానే చెల్లించింది. 1978లో ఆమె పెరిగిన నాక్స్‌విల్ పట్టణంలో ఆమె పేరిట ఒక పునరావాస చికిత్సాకేంద్రం వెలసింది. పక్షవాతం వచ్చినవారు, తలకూ వెన్నుకూ దెబ్బతగిలినవారు అక్కడ చికిత్స పొందుతారు. ఆమె పేరు ఇచ్చి ఊరుకోలేదు. 2010లో 84వ ఏట మరణించేవరకు ఆ కేంద్రానికి వస్తూపోతూ, రోగుల మధ్య కూర్చుండి, వారిని ఉత్సాహపరిచింది. కుంటుతూ వచ్చి ప్రక్కన నిలబడిన మనిషి చెప్పే ధైర్యానికి ఉన్న విలువ, ఆరోగ్యవంతుడు చెప్పే ధైర్యానికి ఉండదు.

మన పొరుగున రాయవేలూరులో ఇట్టి ఋణమే మరొకటి సంస్థగా నిలిచి ఉన్నది. చిత్తూరు సీమవారికి ఆ ఊరి క్రైస్తవ వైద్యకళాశాల ఆసుపత్రి చిరపరిచితం. అక్కడి యువ వైద్యురాలు మేరీ వర్గీస్ 1954లో కారు ప్రమాదానికి గురై, వెన్నుపాము దెబ్బతిని, రెండు కాళ్ళూ పోగొట్టుకొన్నంత పని అయింది. గాయపడినది మెదడు కాకపోయినా సాధన ఒక్కటే. చక్రాల కుర్చీలో కూర్చుండి కుష్ఠురోగుల చేతులకు శస్త్రచికిత్సలు చేసింది. ఆస్ట్రేలియాలో తాను చికిత్స పొంది, న్యూయార్క్‌లో హోవర్డ్ రస్క్ వద్ద పునరావాస వైద్యం అభ్యసించి, తిరిగి వచ్చి ఆ శాఖను వేలూరులో నెలకొల్పింది. 1966లో అక్కడి పునరావాస కేంద్రం ప్రారంభమైంది. తాను ఇక నడవలేనని తెలిసినామె ఎందరికో నడక ఇచ్చింది.

ఇంటివారి పాత్ర

మనదేశంలో తలకు తగిలే గాయాలలో ఎక్కువభాగం రోడ్డు ప్రమాదాలవల్ల కలుగుతున్నవి. బాధితులలో యువకులు అనేకులు. ప్రాణం దక్కగానే ఇంటికి తెచ్చి, మంచంమీద పరుండబెట్టి, నాటువైద్యానికో, నూనె మర్దనకో వదలివేసే కుటుంబాలు నేటికీ ఉన్నవి. మొదటి కొన్ని మాసాలు అమూల్యమైనవి. కీళ్ళు బిగుసుకొన్న తరువాత శ్రమ రెట్టింపవుతుంది. ఇక అతిప్రేమ మరొక ఆటంకం. కష్టపడుతున్నాడు గదా అని అన్నం కలిపి నోట పెట్టే తల్లి, గుండీలు తానే పెట్టే భార్య, తెలియకుండానే ఆ చేతిని మరింత మరుపులోకి నెడుతున్నారు. గుండీకి పది నిమిషాలు పట్టనివ్వాలి. ఆ పది నిమిషాలు చూస్తూ ఊరుకోవడం సేవలన్నిటిలోను కఠినమైనది.

ఈ విషయం ఉపాధ్యాయులకు వేరుగా చెప్పనక్కరలేదు. గాయపడి చాలాకాలానికి బడికి తిరిగివచ్చిన విద్యార్థి నడుస్తూ, మాట్లాడుతూ ఉన్నంత మాత్రాన పూర్తిగా కోలుకొన్నట్లు కాదు. అతడు త్వరగా అలసిపోతాడు. విన్న పాఠం నిలువదు. చిన్నమాటకు కన్నీరు పెట్టుకొంటాడు. అది సోమరితనమూ కాదు, మొండితనమూ కాదు. అతనికి వ్రాయడానికి అదనపు సమయం, మధ్యలో కొంత విశ్రాంతి, తోటిపిల్లల పరిహాసంనుండి రక్షణ కావాలి. అతనికి బదులుగా నోటుపుస్తకం వ్రాసిపెట్టే మిత్రునికంటె, అతడు వ్రాసేదాక ప్రక్కన కూర్చుండే మిత్రుడు ఎక్కువ మేలు చేసినవాడవుతాడు.

ఉపాధ్యాయుడూ, ఫిజియోథెరపిస్టూ ఒకే కులానికి చెందినవారు. ఇద్దరి పనీ, తమ అవసరం లేకుండా చేయడానికే. రోగి సొంతంగా నడిచిపోయిన నాడు చికిత్సకుని చేతికి మరొక చేయి వస్తుంది. ఆ రోజు పాఠం మరల మొదటి మెట్టునుండి, మంచం అంచున కూర్చుండడంతో, ప్రారంభమవుతుంది.